ఎరులుక్ లెక్క

రాబోయే పదేళ్లలో నగర పోలీసులకు ఎంతమంది మనుషులు కావాలో, ఎన్ని జీపులు కావాలో, ఏ మూల ఎన్ని ఔట్‌పోస్టులు కావాలో తేల్చడం మేజర్ జోల్చు పని. ప్రణాళికా విభాగం అంటే వినడానికి గొప్పగానే ఉంటుంది గానీ, ఆ విభాగంలో ఉన్నది అతనూ, ఒక కంప్యూటరూ, కిటికీలో ఎండిపోయిన ఒక పూలకుండీ. పదేళ్ల తర్వాతి సంగతి చెప్పమంటారు, ఈవాళ ఊళ్లో ఎంతమంది ఉన్నారో మాత్రం ఎవరూ చెప్పరు. కొండల్లోంచీ, దక్షిణాన పత్తి పండే ఊళ్లలోంచీ జనం వస్తూనే ఉంటారు. వచ్చి ఊరి అంచున మట్టి ఇటుకలతో గోడ లేపి పొయ్యి పెట్టుకుంటారు. పేరు మాత్రం సొంతూళ్లోనే ఉండిపోతుంది. ప్రభుత్వం లెక్కన అల్మాకిర్ పేటలో రెండు వేల చిల్లర జనం. పొద్దున్నే అక్కడి రొట్టెల బట్టీ ముందు నిలబడి చూసినవాళ్లెవరికైనా ఆ లెక్క మీద నవ్వొస్తుంది.

కర్నల్ ఒమురాలికి మాత్రం నవ్వు రాలేదు.

"ఒరేయ్, నీకు తెలుసు, నాకు తెలుసు. మినిస్ట్రీకి తెలీదు," అన్నాడు. ఇద్దరూ పోలీసు స్కూల్లో ఒకే గదిలో ఉన్నవాళ్లు. తలుపు మూసి ఉంటే ఒరేయ్ అనే పిలుచుకుంటారు. "ఆరు వేల మంది ఉంటేనే పేటకి రెండో ఆఫీసరు. ఒక్కడు తగ్గినా లేదు. ఆ రూలు నేను రాయలేదు, నా మీద పడకు. మినిస్ట్రీ కమిషన్ వచ్చేలోపు నమ్మదగ్గ లెక్క ఒకటి పట్రా."

"ఎక్కణ్ణించి పట్రాను? ఇంటింటికీ తిరిగి తలలు లెక్కపెట్టనా?"

"పోలీసోడు తలుపు కొట్టి ఇంట్లో ఎంతమందని అడిగితే సగంమంది వెనక గోడ దూకేస్తారు. ఏదో ఒకటి ఆలోచించు. ఆలోచించడానికేగా నీకో గది ఇచ్చింది!"

వరండాలో లెఫ్టినెంట్ ఊల్కన్ కాచుకుని ఉంది. ముప్ఫై ఏళ్లు నిండని మనిషి. అల్మాకిర్ మొత్తానికి ఆమె ఒక్కతే పోలీసు.

"ఏమన్నాడు బాయికే?" అంది. తనకంటే పెద్దవాళ్లెవరైనా ఆమెకు బాయికేలే, అన్నలే.

"లెక్క తెమ్మన్నాడు."

"లెక్క నేను చెప్తాగా! తాగుబోతులు బోలెడు. జీపు ఒకటి, అదీ తోస్తే గానీ కదలదు. అది నన్ను మోస్తోందో నేను దాన్ని మోస్తున్నానో దేవుడికే తెలియాలి. పోలీసులు ఒక్కరు." నవ్వుతూ మొదలుపెట్టింది గానీ చివరికొచ్చేసరికి నవ్వు లేదు. "ఈసారి కూడా నన్నొక్కదాన్నే వదిలేస్తే టోపీ మీ బల్ల మీద పెట్టేసి పోతా బాయికే. నిజం. మా అన్న టైర్ల షాపులో కూర్చోమంటున్నాడు."

అది ఉత్త బెదిరింపు కాదని జోల్చుకు తెలుసు. పోయిన చలికాలం పేటకు రెండు చివర్ల నుంచీ ఒకేసారి ఆమెకు ఫోన్లు వచ్చాయి. ఒక చివరికి పరుగెత్తింది. రెండో చివర తాగొచ్చిన మొగుడు పెళ్లాం చెయ్యి విరగ్గొట్టాడు. కట్టు విప్పేదాకా ఊల్కన్ ఆసుపత్రికి వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంటూనే ఉంది. ఎవరూ ఆమెను తప్పుపట్టలేదు, తనని తానే తప్పుపట్టుకుంది. ఇప్పుడు ఆమె కూడా వెళ్లిపోతే ఆ పేటకు పోలీసన్నదే ఉండదు. ఆ పేటలోనే ఒక మూల జోల్చు కూడా ఉంటున్నాడు.

మూడేళ్ల కిందట, ఒక చలికాలపు సాయంత్రం, డిపార్ట్‌మెంట్ వ్యానులో మంచం, పెట్టె, టీ కాచుకునే సమోవార్ వేసుకుని వచ్చి దిగాడు. అంతకు ముందు ఏడాది అతని భార్య కలీమా జబ్బుచేసి పోయింది. నగరం నడిబొడ్డున వాళ్లుండే ఫ్లాటులో ఏ గదిలోకి వెళ్లినా ఆమె అప్పుడే లేచి వెళ్లినట్టుండేది. అమ్మేసి ఇక్కడ రెండు గదుల ఇల్లు కొనుక్కున్నాడు. పిల్లల్లేరు. ఇల్లు మార్చాడు గానీ అలవాటు మార్చుకోలేకపోయాడు. సాయంత్రం రాగానే సమోవార్ వెలిగించి బల్ల మీద రెండు పియాలాలు పెడతాడు. ఎదురుగా ఉన్నదాంట్లో మర్యాదగా సగం వరకే టీ పోస్తాడు. నిండా పోస్తే ఇక లేచి వెళ్లమన్నట్టు కదా. తనదాంట్లో మాత్రం అంచుదాకా పోసుకుంటాడు. తనని తాను వెళ్లమని చెప్పుకునేదేముంది! అప్పుడు ఆ రోజు జరిగిందంతా కలీమాకు పైకే చెప్తాడు. వసంతం రాగానే ఆమె నీలం శాలువాను తీగ మీద ఎండేసి, మళ్లీ మడిచి పెట్టెలో పెడతాడు. పిచ్చివాడు కాడు. ఆమె లేదని అతనికి తెలుసు. తెలిసినంత మాత్రాన చెయ్యి ఊరుకోదు.

ఆ సాయంత్రం కూడా, "ఆరు వేలు కావాలట, విన్నావా," అని మొదలుపెట్టాడో లేదో, పక్క వీధిలోంచి మాంసం ఉడుకుతున్న వాసన వచ్చింది. పరుపులూ పెట్టెలూ గొర్రెలూ నింపుకుని ఒక లారీ ఆ మధ్యాహ్నమే వచ్చి ఆగడం అతను చూశాడు. కొత్తగా దిగినవాళ్లకు ఎవరో ఎరులుక్ పెడుతున్నారు.

జోల్చు పియాలా కింద పెట్టేశాడు.

కొత్త కాపురం వచ్చిన ఇంట్లో పొయ్యి రాజుకోకముందే ఇరుగుపొరుగు పిలిచి భోజనం పెట్టాలి. అదే ఎరులుక్. పెట్టనివాళ్లు ఏళ్ల తరబడి మాట పడతారు. తిననివాళ్లు ఆ వీధికి పరాయివాళ్లుగానే ఉండిపోతారు. ఎవరు ఎప్పుడు దిగారో, ఎంతమంది దిగారో, వాళ్లలో ఎవరు ఆబగా తిన్నారో ఆ వీధి ఆడవాళ్లకు బాగా గుర్తుంటుంది. మినిస్ట్రీకి దొరకని జనాభా అంతా వాళ్ల నాలుక చివర ఉంది.

మర్నాటి నుంచి సాయంత్రాలూ ఆదివారాలూ జోల్చు మామూలు బట్టల్లో, చేతిలో మిఠాయి పొట్లంతో వీధులు తిరిగాడు. ఇంట్లో ఎంతమంది అని ఎక్కడా అడగలేదు. ఎరులుక్ ఎవరెవరికి పెట్టారమ్మా అని మాత్రమే అడిగాడు. అడగడమే ఆలస్యం, ఆడవాళ్లు ఒకరి మాట మీద ఒకరు పడ్డారు.

"ఆ మూలింటికా? వచ్చింది ఆరుగురు, తిన్నది పదిమంది తిండి."

"నువ్వు పెట్టిన పులుసుకి పదిమంది తిండి కూడానా సాలికా! నీళ్లు తాగి లేచారు పాపం."

"ఈ పక్కింటివాళ్లు ఎనిమిది మంది. ఆ కోడల్ని మాత్రం రాసుకోకు తమ్ముడూ."

"నేను తలలే రాసుకుంటున్నాను అపా," అన్నాడు జోల్చు. పెద్ద ఆడవాళ్లందరూ ఇక్కడ అపాలే, అక్కలే.

"దానికి తలెక్కడేడ్చింది!"

నవ్వులూ టీలూ అయ్యాక ఆ సాలికాయే అడిగింది. "ఇంతకీ మీకెవరు పెట్టారు మేజర్ గారూ?"

"మా సందువాళ్లే," అన్నాడు జోల్చు.

"ఏ ముక్క వేశారు?"

మనిషికి తగ్గ ముక్క వెయ్యడం ఇక్కడి మర్యాద. తనకు ఎవరూ ఏ ముక్కా వెయ్యలేదు గనక నోటికొచ్చింది చెప్పాడు. "జబ్బ."

"మేజర్‌కి జబ్బా! ఛీ, ఏం మనుషులు! మేమైతే తుంటి ముక్క వేసేవాళ్లం." అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. 

నిజానికి అతను వచ్చిన వారమంతా ఎదురుచూశాడు. గేటు చప్పుడైతే చొక్కా సర్దుకునేవాడు. ఎవరూ రాలేదు. వాళ్లు మరిచిపోయారని మొదట అనుకున్నాడు, పోలీసని భయపడ్డారని తర్వాత అనుకున్నాడు. ఆ తర్వాత అనుకోవడం మానేశాడు. నన్నెందుకు పిలవలేదని ఎవరు మాత్రం వెళ్లి అడుగుతారు? ఎరులుక్ కూడా దొరకనివాడు అన్నది ఇక్కడ తిట్టు.

తన సందును అన్నిటికంటే ఆఖరున పెట్టుకున్నాడు. గోడ అవతల ఉండేది బాత్మా అపా. డెబ్బై దగ్గరపడ్డ మనిషి, సందులో ఎవరింట్లో ఏం ఉడికిందో మూత తియ్యకుండా చెప్పగలదు. మూడేళ్లుగా రోజూ పొద్దున గోడ మీంచి, "ఇంట్లో అంతా బాగున్నారా?" అంటుంది. "బాగున్నారపా. మీ ఇంట్లో?" అంటాడు జోల్చు. అందరూ అడిగే మాటే అది, అందరూ చెప్పే జవాబే. వాళ్లిద్దరి మధ్యా అంతకు మించి మాట సాగలేదు.

ఆ సాయంత్రం బాత్మా అపా అతన్ని లోపలికి పిలవలేదు. ముంగిట అరుగు మీదే టీ పోసి ఇచ్చింది. సందులో ఎరులుక్‌లు చెప్పమంటే వేళ్లు ముడుస్తూ చెప్పుకుపోయింది. చెప్పులు కుట్టే అతని ఇల్లు, కవలల ఇల్లు, బస్సు డ్రైవరు ఇల్లు...

"ఏడు," అంది చివరికి.

ఆ సందుకు ఎనిమిది గేట్లున్నాయి. ఎనిమిదోది జోల్చుది, నీలం రంగుది, వాళ్లు కూర్చున్న చోటికి స్పష్టంగా కనిపిస్తోంది. 

"ఇంకోసారి చూసుకోండి అపా."

"ఏడే. నాకింకా మతి పోలేదులే." నీలం గేటు వైపు చూడకుండా టీ తాగుతూ కూర్చుంది.

జోల్చు ఏడని రాసుకున్నాడు.

ఇంటికొచ్చి కలీమాతో, "ఏడట," అన్నాడు.  యాభై రెండేళ్ల మనిషికి, మేజరుకు, ఒక పూట భోజనం పెట్టలేదని ఇంత ఏడుపు రావడం ఏమిటని తనమీద తనకే కోపం వచ్చింది. భోజనం కాదు. మూడేళ్లుగా పొద్దున్నే బాగున్నారా అని అడిగిన మనిషి వేళ్లలో తన ఇంటికి ఒక వేలు లేకపోయింది. ఆ బాధ భరించలేనిదిగా ఉంది.

లెక్కలన్నీ కూడితే ఆరు వేలకు నూట యాభై తగ్గింది. మళ్లీ కూడాడు. మళ్లీ అంతే. ఎదుటి పియాలాలో టీ చల్లారిపోతుంటే దానికేసి చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు తట్టింది. ఎరులుక్ పెట్టేది సంసారానికి. లారీలో పొయ్యీ పరుపులూ పిల్లలూ దిగితేనే అది రావడం. భుజాన సంచీతో ఒక్కడే వచ్చి అద్దెగదిలో చేరినవాణ్ణి ఎవరు పిలుస్తారు? వచ్చినట్టే లెక్క కాదు, ఇక ఉన్నట్టు లెక్క ఎలా అవుతుంది? తన ఇల్లు ఎలా జారిపోయిందో అలాగే ఆ పేటలో ఒంటరివాళ్లందరూ జారిపోయి ఉంటారు. నూట యాభై మందేం ఖర్మ, ఇంకా ఎక్కువే ఉంటారు.

ఆ సంగతి కమిషన్‌కు చెప్పాలి. ఎలా తెలుసంటారు. నాకు పెట్టలేదు గనక తెలుసని చెప్పాలి. అది తలుచుకుంటేనే అతనికి చెవులు వేడెక్కాయి.

కమిషన్ రోజున పొడుగు బల్లకు అటు ముగ్గురు కూర్చున్నారు. వాళ్లలో నూర్దాన్ అనే కుర్ర అధికారి మర్యాదస్తుడే. ఎరులుక్ లెక్క విని సరదాపడ్డాడు, వాళ్లమ్మ కూడా ఇలాగే అందరి తిండీ గుర్తుపెట్టుకుంటుందన్నాడు. పద్ధతి బాగుందని ఒప్పుకున్నాడు. ఆఖరి అంకె చూసి పెదవి విరిచాడు.

"నూట యాభై తక్కువున్నారు మేజర్ గారూ. పదేళ్ల ప్రణాళికలో రాద్దాం లెండి, ఐదో ఏటో ఆరో ఏటో రెండో పోస్టు. ఇప్పటికి మాత్రం కుదరదు."

వెనక వరసలో ఊల్కన్ ఒళ్లో ఉన్న టోపీని తీసి పక్క కుర్చీలో పెట్టింది. జోల్చు అది చూశాడు. లేచి నిలబడ్డాడు.

"ఈ లెక్కలోకి రానివాళ్లున్నారు. ఒంటరిగా ఉండేవాళ్లు. వాళ్లకి ఎరులుక్ పెట్టరు."

"అలాగని మీ ఊహా?"

"ఊహ కాదు." నీళ్లగ్లాసు అందుకుని, తాగకుండానే మళ్లీ పెట్టేశాడు. "నేనుండేది అల్మాకిర్‌లోనే. మూడేళ్లయింది. నాకెవరూ పెట్టలేదు. మా సందులో ఏడు ఇళ్లన్నారు. ఎనిమిదోది నాది."

 కమిషన్‌లోని పెద్దాయన తల దించుకున్నాడు, చూడకూడనిది చూసినట్టు. కర్నల్ ఒమురాలి ముఖం కందిపోయింది. కలీమా అంత్యక్రియల తర్వాత ఈ నాలుగేళ్లలో అతను కూడా జోల్చును ఒక్క పూట భోజనానికి పిలవలేదు.

"మూడేళ్లా?" అన్నాడు మెల్లగా. "ఒరేయ్, నాతో అనొద్దట్రా?" తలుపు మూసి ఉన్నా అది కమిషన్ గది. అయినా ఒరేయ్ అన్నాడు.

నూర్దాన్ పెన్ను కింద పెట్టాడు. "వారం ఇస్తాను. ఒంటరివాళ్లను మాత్రమే చూసి రండి," అన్నాడు.

ఆ వారం జోల్చు, ఊల్కన్ కలిసి తిరిగారు. టోపీలు జీపులో వదిలేసి, జీపును సందు మొదట్లో వదిలేసి, బట్టీలో కాల్చిన రొట్టెలు సంచీలో వేసుకుని వెళ్లేవాళ్లు. ఎన్నాళ్లుగా ఉంటున్నారు, ఎరులుక్ తిన్నారా అన్న రెండే ప్రశ్నలు. రెండో దానికి ఎక్కువమంది నవ్వేవాళ్లు. మాకెవరు పెడతారండీ అనేవాళ్లు. బట్టల వర్క్‌షాపులో కుట్టే అమ్మాయిలు ఒక గదిలో నలుగురున్నారు, నాలుగు ఊళ్లవాళ్లు. బజారులో మూటలు మోసే ముసలాయన మేకల కొట్టం పక్కన ఉంటున్నాడు. రిటైరైన భూగోళం మాస్టారు రొట్టె అందుకుని, వాళ్లు వెళ్లిపోతారేమోనని ప్రశ్న ప్రశ్నకీ పది నిమిషాలు జవాబు చెప్పాడు.

"బాయికే, వీళ్లలో ఒక్కరు కూడా ఎప్పుడూ నాకు ఫోన్ చెయ్యలేదు," అంది ఊల్కన్ ఆ ఇంట్లోంచి బయటికొస్తూ. "తలనొప్పి లేని జనం అనుకునేదాన్ని. అసలు ఇక్కడున్నారనే తెలీదు."

ఆరో రోజుకే లెక్క ఆరు వేలు దాటి రెండొందలు పైకి పోయింది. కమిషన్ సంతకం పెట్టింది. కొత్త సంవత్సరం నుంచి అల్మాకిర్‌కు రెండో ఆఫీసరు, రెండో జీపు. ఊల్కన్ ఆఫీసు గదికి వచ్చి టోపీ తీసి జోల్చు బల్ల మీద పెట్టింది. అతను గతుక్కుమన్నాడు. "చెమటపట్టింది, తుడుచుకోవడానికి తీశా," అని నవ్వి మళ్లీ పెట్టుకుంది.

ఆ సాయంత్రం జోల్చు ఇల్లు చేరి తలుపు తాళం తీస్తుంటే నీలం గేటు ధడాలున తెరుచుకుంది. బాత్మా అపా. ఈ మూడేళ్లలో ఆమె ఆ గేటు దాటి రావడం ఇదే మొదలు.

"ఏమయ్యా మేజరూ, పెద్దల సభలో మా పరువు తీశావట! మూడేళ్లుగా ఎవరూ పిలవలేదన్నావట! పేటంతా మా సందు మీద ఉమ్మేస్తోంది."

"మిమ్మల్ని తప్పుపట్టాలని కాదు అపా..."

"మరి ఎవర్ని పట్టాలని? ఎవర్ని పిలవమంటావయ్యా నన్ను? ఎరులుక్‌కి పిలిచేది ఇంటి ఇల్లాల్ని! నీ పెళ్లాం ఈ మూడేళ్లలో ఒక్కసారి గడప దాటి మాలో ఎవర్నన్నా పలకరించిందా? నువ్వొచ్చిన మర్నాడే మాంసం పొయ్యి మీద పడేసి పిలవడానికొచ్చాను నేను. గేటు బయటి నుంచి కిటికీలోకి చూస్తే బల్ల మీద రెండు పియాలాలు. నువ్వేదో కబుర్లు చెప్తున్నావు ఆవిడకి. సరే, టీ తాగుతున్నారు కదా, రేపొద్దాంలే అని వెనక్కెళ్లాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆవిడే బయటికొస్తుంది కదా, అప్పుడు పిలుద్దామనుకున్నాను. ఎండలు రాగానే తీగ మీద శాలువా ఆరుతుంది, మనిషి మాత్రం కనపడదు! పట్నపు మహాతల్లి, మా మట్టిగోడల మధ్య కూర్చోదు కాబోలు అనుకున్నాం. ఆ ఉడికిన మాంసం కుక్కలకు వేశాను. అయినా రోజూ గోడ మీంచి అడుగుతూనే ఉన్నానుగా, ఇంట్లో అంతా బాగున్నారా అని? బాగున్నారనేగా అన్నావు!"

జోల్చు తాళంచెవిని చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చెప్పవలసింది ఒక్కటే మాట. ఆ మాట ఈ సందులో అతను ఎప్పుడూ అనలేదు.

"కలీమా పోయి నాలుగేళ్లయింది అపా. నేనొక్కణ్ణే ఉంటున్నాను."

బాత్మా అపా మెట్టు మీద చతికిలబడింది.

"మరి బాగున్నారని రోజూ ఎందుకన్నావయ్యా?"

"మీరడిగారు కదా. అడిగితే అలాగే అనాలి కదా అపా."

 ఆమె లేచి వచ్చి అతని భుజం మీద పిడికిలితో ఒక్కటి కొట్టింది, గట్టిగానే. కొట్టి ఆ భుజాన్నే పట్టుకుని ఏడ్చింది. "మూడేళ్లు! చచ్చిపోయిన బిడ్డ మీద మూడేళ్లు కోపం పెట్టుకున్నానే! ఆ పాపం నాకు తగలదూ?" అంది. రెండు అరచేతులూ ముఖానికి రాసుకుని కలీమా కోసం ప్రార్థన చేసింది. జోల్చు కూడా చేతులెత్తాడు. అంత్యక్రియల తర్వాత కలీమా పేరు మీద మరొక మనిషి నోట ప్రార్థన వినడం అతనికి అదే మొదటిసారి.

కమిషన్ ముందు జోల్చు సాక్ష్యంగా చూపించిన ఇల్లు ఆ విధంగా తప్పు సాక్ష్యం అయింది. ఒంటరివాడని వదిలెయ్యలేదు అతన్ని, ఒంటరివాడు కాడనుకుని వదిలేశారు. మిగతా అందరి లెక్కా నిజమే గనక రెండో ఆఫీసరుకు ఏ ఢోకా లేకపోయింది. పేటంతటిలో ఒక్క తన విషయంలోనే తన లెక్క తప్పింది.

ఆదివారం సందంతా బాత్మా అపా ఇంట్లోనే ఉంది. ఆలస్యమైన ఎరులుక్ గనక రెట్టింపు వండారు. చెప్పులు కుట్టే అతను పాడాడు, కవలలు జోల్చు ఒళ్లో కూర్చోవడానికి కొట్టుకున్నారు. తుంటి ముక్క అతని ముందే పెట్టారు. జబ్బ సంగతి ఎవరు మోశారో గానీ, "సరైన ముక్కేనా మేజర్ గారూ?" అని డ్రైవరు అడిగితే ఇల్లంతా ఘొల్లుమంది. జోల్చు అందరితో పాటు నవ్వాడు. పక్కన కలీమా ఉంటే ఎంత బాగుండేది అని ప్రతి ముద్దకూ అనిపించింది. ఇంతమంది మధ్య ఆ లేకపోవడం ఇంకా పెద్దదై కూర్చుంది.

లేచేటప్పుడు బాత్మా అపా అందరికీ ఇచ్చినట్టే అతని చేతిలోనూ ఒక మూట పెట్టింది. విందుకు వచ్చినవాళ్లు ఉత్త చేతులతో వెళ్లకూడదు, ఇంట్లో ఉండిపోయినవాళ్లకు వాటా పట్టుకెళ్లాలి.

"ఇదిగో, ఇంట్లో వాళ్లకి..." అని ఆగిపోయింది. ముఖం పాలిపోయింది. మూట వెనక్కి తీసుకోబోయింది.

"ఇవ్వండి అపా," అన్నాడు జోల్చు. మూటను రెండు చేతులతో అందుకున్నాడు.

"రేపు పొద్దున టీకి నేనే వస్తాను మీ ఇంటికి," అందామె వెనకనుంచి. "మూడేళ్లు కిటికీలోంచి చూశాను. లోపలెలా ఉంటుందో చూడాలి."

ఇంటికొచ్చి సమోవార్ వెలిగించాడు. చెయ్యి దాని మానాన అది రెండు పియాలాలు తీసి బల్ల మీద పెట్టింది. మూట విప్పి మాంసం, వేయించిన పిండి ముక్కలు ఎదుటి పియాలా పక్కన సర్దాడు. "విన్నావా, తుంటి ముక్క వేశారు," అన్నాడు. ఆ తర్వాత మాట సాగలేదు. మూడేళ్లుగా ఆ కుర్చీతో మాట్లాడుతున్నాడు. ఈ సాయంత్రం అది ఉత్త కుర్చీలాగే కనిపించింది. జోల్చు తల బల్ల మీద పెట్టుకుని, కలీమా పోయిన రోజున ఏడవవలసినంతా అప్పుడు ఏడ్చాడు.

తర్వాత లేచి ముఖం కడుక్కున్నాడు. రెండో పియాలాను కూడా కడిగి తుడిచి, శాలువా ఉన్న పెట్టెలో పెట్టేద్దామని మూత తెరిచాడు. అప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో ఉన్నవి రెండే పియాలాలు. పొద్దున్నే బాత్మా అపా వస్తుంది.

పెట్టె మూసేసి పియాలాను తెచ్చి మళ్లీ బల్ల మీదే పెట్టాడు.